నాన్న సీటీ రిపోర్టులో "కడుపు గోడ మందంగా ఉంది" అని రాశారు. స్కాన్ చూసి క్యాన్సర్ అని చెప్పేయవచ్చా?

బుచ్చి అమ్మాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లెటూరు. పెళ్ళయి పదకొండేళ్ళుగా చెన్నైలో, వేళచ్చేరిలో ఉంటున్నాను. నాన్నకు 61 ఏళ్ళు, వ్యవసాయం చేస్తారు. ఆయన గురించే అడుగుతున్నాను.

సంక్రాంతికి వెళ్ళినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అరిసెలంటే ప్రాణం పెట్టే మనిషి ఒక్కటి కొరికి పక్కన పెట్టేశారు. రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోయిందంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని చెప్పి పాంటాప్రజోల్ బిళ్ళలు ఇచ్చాడు. వేసుకున్నన్నాళ్ళు బాగుంటుంది, మానేస్తే మళ్ళీ మొదలు. నాలుగు నెలలు ఇలాగే గడిచిపోయాయి. 68 కిలోల మనిషి 61కి వచ్చారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 ఉంది. మలం నల్లగా వస్తోందని అమ్మతో అన్నారట, ఆ మాట నాకు నిన్ననే తెలిసింది.

మొదట అల్ట్రాసౌండ్ తీయిస్తే అంతా నార్మల్ అన్నారు. పోయిన వారం నెల్లూరులో ఒక స్కాన్ సెంటర్లో సీటీ తీయించాం. రిపోర్టులో ఉన్నది ఇంత: "జీర్ణాశయం సరిగ్గా విచ్చుకోలేదు. యాంట్రం భాగంలో గోడ మందం 9 మి.మీ. ఎండోస్కోపీతో సరిచూసుకోవలసింది." దాన్ని చూసిన డాక్టరు బిళ్ళలు రాసి, నెల తర్వాత రమ్మన్నారు.

మా తమ్ముడు ఊరుకోలేక ఫిల్మ్‌ను కిటికీకి ఆనించి ఫోటో తీసి ఏదో ఏఐ యాప్‌లో పెట్టాడు. అది క్యాన్సర్ కావచ్చని చెప్పింది. రాత్రి పదకొండింటికి ఆ మెసేజ్ నాకు పంపాడు. అప్పటినుంచి నిద్ర లేదు. ఇప్పుడు వాడు నేరుగా పెట్ స్కాన్ తీయిద్దాం, ఒక్కసారే అంతా తేలిపోతుంది అంటున్నాడు. మా అత్తగారేమో అల్ట్రాసౌండ్ నార్మల్ వచ్చింది కదా, ఎందుకమ్మా టెన్షన్ అంటున్నారు.

నాకు తెలియాల్సింది ఇదీ. స్కాన్ బొమ్మలో కడుపు క్యాన్సర్ ఎలా కనిపిస్తుంది? 9 మి.మీ. అంటే ఎక్కువా? నాన్నను చెన్నై తీసుకొచ్చేస్తే ముందు ఏ పరీక్ష చేయించాలి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

సీటీ గది నుంచి

అమ్మా, మాది సూళ్ళూరుపేట. పదిహేడేళ్ళుగా చెన్నైలో సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను, రిపోర్టు రాసేది రేడియాలజిస్టు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి బొమ్మ తీసేది నేను. కడుపు విషయంలో ఆ బొమ్మ ఎలా తీశారన్న దాని మీదే సగం రిపోర్టు ఆధారపడి ఉంటుంది.

ఇంట్లో అందరూ 9 మి.మీ. దగ్గర ఆగిపోయారు. నా కన్ను మాత్రం దానికి ముందున్న "సరిగ్గా విచ్చుకోలేదు" అన్న మాట మీద పడింది.

మీది వ్యవసాయం ఇల్లు కాబట్టి గోతాంతో చెబుతాను. ఖాళీ గోతాం మూలన పడేసి ఉంటే మడతలు మడతలుగా ఉంటుంది. దానికి ఎక్కడో ఒక మాసిక వేసి ఉన్నా ఆ మడతల్లో కనబడదు. మాసిక లేనిచోట కూడా రెండు మడతలు ఒకదాని మీద ఒకటి పడి మందంగా అనిపిస్తుంది. అదే గోతాంలో నిండా ధాన్యం పోసి నిలబెట్టండి. మడతలన్నీ సాపు అవుతాయి, మాసిక ఉన్నచోటు మాత్రం గట్టిగా అలాగే ఉండిపోతుంది. కడుపూ అంతే. ఖాళీగా ఉంటే లోపలి పొరంతా ముడుచుకుని గోడ మందంగా కనిపిస్తుంది. నీళ్ళతో నింపితే మామూలు గోడ పలచబడుతుంది. జబ్బున్న గోడ సాగదు.

బాగా విచ్చుకున్న కడుపులో గోడ మందం 5 మి.మీ. దాటితే రేడియాలజిస్టులు ఆగి చూస్తారు. యాంట్రం మాత్రం వేరు. అది కడుపు కింది కొస, పేగులోకి తెరుచుకునే ముందు భాగం. అక్కడ కండ సహజంగానే ఎక్కువ, పైగా అది ఎప్పుడూ ముడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది. ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా అక్కడ 10, 12 మి.మీ. దాకా కనిపించవచ్చు. అందుకని మీ నాన్నగారి 9 మి.మీ. చూసి క్యాన్సర్ ఉందని చెప్పలేం, లేదనీ చెప్పలేం. రాసిన రేడియాలజిస్టు నిజాయితీగా రాశారు. ఎండోస్కోపీ, అంటే నోటి గుండా కెమెరా గొట్టం పంపి చూడటం, అది చేసి చూసుకోమని కూడా రాశారు. ఆ చివరి వాక్యాన్ని ఎవరూ పట్టించుకోకపోవడమే నాకు బాధగా ఉంది.

కడుపు కోసమని ప్రత్యేకంగా సీటీ తీసేటప్పుడు ఎలా చేస్తామో చెబుతాను, మీకు ముందు ముందు పనికొస్తుంది. ఆరు గంటలు ఏమీ తినకుండా రావాలి, ఎందుకంటే లోపల అన్నం ముద్ద ఉంటే అది గడ్డలాగే కనిపిస్తుంది. వచ్చాక దాదాపు లీటరు మంచినీళ్ళు తాగిస్తాం. తెల్లటి మందు కలిపిన నీళ్ళు ఈ పనికి పనికిరావు. రక్తనాళంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు వల్ల కడుపు లోపలి పొర తెల్లగా వెలుగుతుంది. కడుపులో కూడా తెల్లటి మందే ఉంటే, సున్నం కొట్టిన గోడ మీద సుద్దముక్కతో రాసినట్టు ఏమీ తెలియదు. మామూలు నీళ్ళు బూడిదరంగులో వస్తాయి, ఆ పక్కన పొర స్పష్టంగా తేలుతుంది. కడుపు కదలికలు ఆగడానికి హయోసిన్ ఇంజెక్షన్ ఇస్తారు. నాన్నగారికి గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) గానీ, మూత్రం సరిగ్గా రాని ప్రోస్టేట్ బాధ గానీ, గుండె జబ్బు గానీ ఉంటే అది ఇవ్వకముందే చెప్పాలి. ఆ తర్వాత కాంట్రాస్ట్ ఎక్కించి, సుమారు 40 సెకన్ల దగ్గర ఒకసారి, 70 సెకన్ల దగ్గర ఇంకోసారి తీస్తాం. మొదటిసారికి లోపలి పొర బాగా వెలుగుతుంది, రెండోసారికి గోడ మొత్తం, కాలేయం బాగా కనిపిస్తాయి.

ఇందులో అన్నిటికన్నా కష్టమైనది నీళ్ళు తాగించడం. మా స్కాన్ గది బయట స్టీలు బెంచీ ఉంది, దాని పక్కన ప్లాస్టిక్ జగ్గు, దాని మీద మార్కర్‌తో నేనే గీసిన గీతలు. పోయిన ఏడాది నాయుడుపేట నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లవారుజామున రైలెక్కి, ముందురోజు రాత్రి తిన్న పెరుగన్నంతో వచ్చిన మనిషి. ఒక గ్లాసు తాగి "చాలు నాయనా, వాంతయ్యేట్టుంది" అని గ్లాసు బోర్లించేసింది. ఆవిడ బాధ నిజమే, కడుపు పట్టడం లేదు కాబట్టే స్కాన్‌కి పంపారు. పక్కన కూర్చుని వాళ్ళ ఊరి సంగతులు అడుగుతూ ఒక్కో గుక్కా తాగించాను. అరగంట పట్టింది. బయట పదిమంది ఎదురుచూస్తున్నారు, మా ఇంచార్జి రెండుసార్లు తలుపు తీసి చూశాడు. ఆఖరి గ్లాసు బల్ల ఎక్కే ముందు పట్టించాను.

తెర మీద బొమ్మ వచ్చింది. గోడ పొడుగునా సన్నటి తెల్లగీత, దారం పరిచినట్టు నున్నగా ఉంది. కడుపు చిన్న వంపు దగ్గర మాత్రం, బొటనవేలంత మేర, ఆ గీత తెగిపోయింది. అక్కడ చిన్న గుంట, దాని రెండు అంచులూ ఎత్తుగా లేచి ఉన్నాయి. ఆవిడ ఒక్క గ్లాసుతోనే బల్ల ఎక్కి ఉంటే ఆ గుంట మడతల్లో కలిసిపోయేది. రేడియాలజిస్టు మేడమ్ వచ్చి చూసి, నా భుజం తట్టి వెళ్ళారు. నాకు ఆ రోజు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

యాంట్రం గురించి ఇంకొక్క మాట. వెల్లకిలా పడుకుంటే నీళ్ళు కడుపు వెనక భాగంలోకి పోతాయి, గాలి ముందుకు తేలుతుంది, యాంట్రం నిండదు. అక్కడే అనుమానం ఉన్నప్పుడు మనిషిని కుడివైపుకు తిప్పి పడుకోబెడితే నీళ్ళు అటు చేరతాయి. మళ్ళీ సీటీ తీయించాల్సి వస్తే, "అనుమానం యాంట్రం దగ్గర, పాత స్కాన్‌లో కడుపు విచ్చుకోలేదు" అని టెక్నీషియన్‌కి మీరే చెప్పండి. పాత రిపోర్టు చేతికివ్వండి. మాకు వచ్చే చీటీ మీద చాలాసార్లు "కడుపు నొప్పి" అని రెండు మాటలే ఉంటాయి.

అల్ట్రాసౌండ్ నార్మల్ అన్న ధైర్యం మాత్రం వద్దమ్మా. ఆ శబ్దతరంగాలు గాలిని దాటిపోలేవు, కడుపు నిండా గాలే. కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు చూడటానికి అది మంచిదే. కడుపు గోడ బాగా ముదిరి మందమైతేనే దాని కంట పడుతుంది.

యాప్ సంగతి. సీటీలో వందల పొరల బొమ్మలు ఉంటాయి. ఫిల్మ్ మీద వేసేది కొన్ని మాత్రమే, వాటిలో ఒక దాన్ని ఎండలో ఫోన్‌తో తీసిన ఫోటో అది. రేడియాలజిస్టు ఆ పొరల్ని పైకీ కిందికీ కదుపుతూ, వెలుగునీడలు మారుస్తూ చూస్తారు. మీ తమ్ముడి ప్రేమ నాకు అర్థమవుతోంది, ఆ మెసేజ్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు.

మీ ప్రశ్నకు నా జవాబు: ముందు ఎండోస్కోపీ, నెల ఆగకుండా ఈ వారంలోనే. బరువు ఏడు కిలోలు తగ్గడం, రక్తం తగ్గడం, మలం నల్లబడటం, కొంచెం తినగానే నిండిపోవడం, ఈ నాలుగూ అరవై దాటిన మనిషిలో కలిసి ఉన్నాయి. మలం మళ్ళీ నల్లగా తారులా వచ్చినా, రక్తం వాంతి అయినా, కళ్ళు తిరిగినా అపాయింట్‌మెంట్ చూడకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. ఎండోస్కోపీలో లోపలి పొరను కంటితో చూస్తారు, అనుమానం ఉన్నచోట గిల్లి ముక్క తీస్తారు. ఆ ముక్క పరీక్షే (బయాప్సీ) చెబుతుంది. తొలిదశ క్యాన్సర్ పై పొరలోనే ఉంటుంది, దాన్ని ఎంత మంచి సీటీ అయినా చాలాసార్లు చూపించలేదు. సీటీ పని, జబ్బు ఉందని తేలాక అది ఎంత లోతుకు పోయింది, చుట్టూ కొవ్వులోకి పాకిందా, పక్కనున్న లింఫు గ్రంథులు ఉబ్బాయా, కాలేయంలో మచ్చలున్నాయా, పొట్టలో నీరు చేరిందా అని చూడటం.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, మా మేనమామ విషయంలో ఇదే జరిగింది. ఊళ్ళో అల్ట్రాసౌండ్ నార్మల్ అన్నారు, తర్వాత ఒకచోట నీళ్ళు తాగించకుండా సీటీ తీశారు, "గోడ మందం, గ్యాస్ట్రైటిస్ కావచ్చు" అని, అంటే కడుపు పొర వాపు కావచ్చని రాశారు. ఐదు నెలలు బిళ్ళలు మింగాడు. ఆ ఫిల్మ్ నా దగ్గరికి వచ్చేసరికి పొట్టలో నీరు చేరింది. సొంత మేనల్లుడు సీటీ గదిలో పనిచేస్తూ కూడా ముందే అడగలేకపోయానన్న బాధ నన్ను వదల్లేదు. మీరు అడిగారు, మంచి పని చేశారు. నాన్నగారిని తీసుకురండి.

పెరంబూరు వదిన

చెల్లీ, పైన అన్న చెప్పినదానికి మా ఇంటి అనుభవం ఒకటి కలుపుతాను, ఎండోస్కోపీ అయ్యాక కూడా ఇది గుర్తుంటే మంచిది.

మా అత్తమ్మకు ఎండోస్కోపీలో పుండు గానీ గడ్డ గానీ ఏమీ కనబడలేదు. ముక్క తీసి పంపితే క్యాన్సర్ కణాలు లేవని రిపోర్టు వచ్చింది. ఇంట్లో కొబ్బరికాయ కొట్టాం. కానీ ఎండోస్కోపీ చేసిన డాక్టరు గారికి నమ్మకం కుదరలేదు. లోపలికి గాలి ఊదితే కడుపు బెలూన్‌లా విచ్చుకోవాలి, ఈవిడ కడుపు బిర్రుగా అలాగే ఉండిపోయిందని రిపోర్టులో విడిగా రాశారు. సీటీలో కూడా గోడ మొత్తం, పై నుంచి కింది దాకా, ఒకే తీరుగా మందంగా ఉంది. దాన్ని లినైటిస్ ప్లాస్టికా అంటారట. తోలు సంచిలాగా కడుపు గట్టిపడిపోతుంది. ఇందులో కణాలు పై పొర కింద పాకుతాయి, పైపైన గిల్లితే దొరకవు.

రెండోసారి ఒకేచోట మళ్ళీ మళ్ళీ గిల్లి లోతుగా ముక్కలు తీశారు, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కూడా చేశారు. ఆ గొట్టం చివర చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది, లోపలినుంచే గోడను చూస్తుంది కాబట్టి గాలి అడ్డం రాదు. మామూలు గోడ ఐదు పొరలుగా, తెలుపూ నలుపూ చారలుగా కనిపిస్తుందని మాకు తెర మీద చూపించారు. అత్తమ్మ గోడలో ఆ చారలు కలిసిపోయి ఉన్నాయి. అప్పుడు దొరికింది.

ఆ డాక్టరు మొదటి రిపోర్టుతో సరిపెట్టుకుని ఉంటే మేం కొబ్బరికాయతో ఆగిపోయేవాళ్ళం. కాబట్టి చెల్లీ, బయాప్సీ "ఏమీ లేదు" అని వచ్చినా నాన్నగారి బరువు తగ్గుతూనే ఉంటే వదలొద్దు. ఎన్ని ముక్కలు తీశారు, కడుపు బాగా విచ్చుకుందా అని అడగండి. మా డాక్టరు ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయాలని చెప్పారు.

బిళ్ళల గురించి కూడా అడగండి. గ్యాస్ బిళ్ళలు వాడుతుంటే క్యాన్సర్ పుండు కూడా పైకి కొన్నాళ్ళు మానినట్టు కనిపించవచ్చట. ఆపమన్నారా, ఎప్పటినుంచి ఆపాలి అన్నది డాక్టర్నే అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

రేడియాలజీ పీజీ

నేను చెన్నైలో రేడియాలజీ చదువుతున్నాను, మాది గూడూరు. పైన ఇద్దరూ బాగా చెప్పారు. పెట్ స్కాన్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది చెబుతాను.

పెట్ స్కాన్‌లో ఎక్కించే మందు చక్కెర లాంటిది. చక్కెర ఎక్కువ తినే కణాలు తెర మీద వెలుగుతాయి. కడుపు క్యాన్సర్లలో సిగ్నెట్ రింగ్ అనే రకం, జిగురు ఎక్కువగా ఉండే రకం ఈ చక్కెరను పెద్దగా తీసుకోవు, అందుకని జబ్బు ఉన్నా మసకగానే ఉండిపోవచ్చు. ఇటువైపు, ఏ జబ్బూ లేని కడుపు గోడ, లేదా గ్యాస్ట్రైటిస్ ఉన్న గోడ వెలగవచ్చు. "ఒక్కసారే అంతా తేలిపోతుంది" అన్న మీ తమ్ముడి ఆశ కడుపు దగ్గర నెరవేరదు. బయాప్సీ వచ్చాక, దూరంగా ఎక్కడైనా పాకిందా అని చూడాల్సి వస్తే డాక్టర్లే రాస్తారు. ఖర్చు కూడా ఎక్కువ, ఆ డబ్బు ముందు ఎండోస్కోపీకీ మంచి సీటీకీ పెట్టండి.

ఇంకో సంగతి. పొట్ట లోపలి పలచటి పొర మీద ఆవగింజంత మచ్చలు పడితే సీటీకి గానీ పెట్‌కు గానీ దొరకవు. అందుకే గోడలో లోతుకు పోయిన క్యాన్సర్ అని తేలినప్పుడు, పెద్ద ఆపరేషన్‌కు గానీ కీమోకు గానీ ముందు చిన్న కోతతో లాప్రోస్కోపీ చేసి కెమెరాతో చూస్తారు, పొట్టలో నీళ్ళు పోసి కడిగి ఆ నీటిని పరీక్షకు పంపుతారు. స్కాన్లన్నీ శుభ్రంగా ఉన్నాయి కదా, మళ్ళీ ఇదెందుకు అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. స్కాన్ కంటే చిన్నవి చూడటానికే.

కడుపు క్యాన్సర్ మనవైపు అరుదేమీ కాదు. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 1982 నుంచి చెన్నై నగరంలో క్యాన్సర్ల లెక్క నమోదు చేస్తున్నారు. మగవాళ్ళకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్లలో కడుపుది మొదటినుంచీ ముందువరుసలోనే ఉంది. హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా దీనికి పెద్ద కారణం, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దాన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ఖాయంగా తేలినవాటిలో చేర్చింది. ఎండోస్కోపీ చేసేటప్పుడు దానికి కూడా పరీక్ష చేయమని అడగండి. ఉంటే యాంటీబయాటిక్స్‌తో పోతుంది. క్యాన్సర్ కాదని తేలినా ఈ ఒక్క పని చేయించండి.

బుచ్చి అమ్మాయి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మూడు వారాలయింది, ఏం జరిగిందో చెప్పకపోతే తప్పవుతుంది.

మీ మాటలు చదివిన మర్నాడే నాన్నను కారులో తీసుకొచ్చేశాం. రెండో రోజు ఎండోస్కోపీ చేశారు. గొంతులో మందు చల్లి, పది నిమిషాల్లో అయిపోయింది. యాంట్రంలో రెండు సెంటీమీటర్ల పుండు ఉంది, అంచులు ఎత్తుగా ఉన్నాయన్నారు. వదినా, మీరు చెప్పినట్టే అడిగాను, ఎనిమిది ముక్కలు తీశారు. కడుపు మిగతా భాగం గాలికి బాగానే విచ్చుకుందన్నారు.

ఆరో రోజు బయాప్సీ వచ్చింది. అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు. నాన్నకు నేనే చెప్పాను. "గ్యాస్ కాదన్నమాట" అన్నారు, కాసేపాగి "మీ అమ్మకు మెల్లగా చెప్పు" అన్నారు.

మళ్ళీ సీటీ తీశారు. అన్నా, ఈసారి ఆరు గ్లాసులు తాగించారు. నాన్న నాలుగో గ్లాసు దగ్గర ఆగిపోతే గోతాం సంగతి చెప్పాను. ఆ మాట ఆయనకు బాగా పట్టింది, మిగతా రెండూ తాగేశారు. పాత రిపోర్టు చూపించి యాంట్రం అని నేనే చెప్పాను, కుడివైపు తిప్పి కూడా ఒకసారి తీశారు. కడుపంతా పలచగా ఉంది, ఆ ఒక్కచోట మాత్రం 14 మి.మీ. అలాగే ఉండిపోయింది. పక్కన రెండు గ్రంథులు ఉబ్బి ఉన్నాయి. కాలేయం శుభ్రంగా ఉంది, పొట్టలో నీరు లేదు. లాప్రోస్కోపీ మొన్న చేశారు, పొర మీద మచ్చలు లేవు, కడిగిన నీటి రిపోర్టు ఇవాళ వచ్చింది, అందులోనూ కణాలు లేవు. ముందు రెండు వారాలకొకటి చొప్పున నాలుగు కీమోలు, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత మళ్ళీ నాలుగు కీమోలు అన్నారు. రక్తం రెండు బాటిళ్ళు ఎక్కించారు, మనిషి కాస్త తేరుకున్నారు.

కీమోలు నెల్లూరులో వేయించుకుని ఆపరేషన్‌కు ఇక్కడికి రావచ్చా అని నాన్న అడుగుతున్నారు, ఆయన మనసంతా పొలం మీదే ఉంది. డాక్టరు గారు సరే అనేట్టే ఉన్నారు. అలా చేస్తే ఇక్కడినుంచి ఏమేం కాగితాలు తీసుకెళ్ళాలి? రెండోది, నెల తిరక్కుండా రెండుసార్లు కాంట్రాస్ట్ ఎక్కించారు కదా, కిడ్నీలకు ఏమైనా అవుతుందా? క్రియాటినిన్ 0.9 ఉంది. షుగర్ లేదు.

సీటీ గది నుంచి

అమ్మా, ఆరు గ్లాసులు తాగిన నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. గ్రంథులు ఉబ్బినా పొర మీద ఏమీ లేకపోవడం, కాలేయం శుభ్రంగా ఉండటం, ఇవి మీకు దొరికిన బలం.

క్రియాటినిన్ 0.9 ఉంటే రెండుసార్ల కాంట్రాస్ట్‌కు భయపడనక్కర్లేదు. కీమో మొదలుపెట్టే ముందు ఎలాగూ మళ్ళీ చూస్తారు.

కాగితాల కన్నా ముందు సీడీ అడగండి. ఫిల్మ్ చాలదు. స్కాన్ మొత్తం పొరలన్నీ ఉన్న డైకామ్ సీడీ అని అడిగితే ఇస్తారు, రెండు కాపీలు తీసుకుని ఒకటి ఇంట్లో పెట్టుకోండి. కీమోల తర్వాత తీసే సీటీని దీని పక్కన పెట్టి చూస్తేనే గడ్డ తగ్గిందో లేదో తెలుస్తుంది. ఆ సీటీ కూడా ఇలాగే నీళ్ళు తాగించి తీయాలి. మొదటిది నింపి తీసి, రెండోది ఖాళీగా తీస్తే పోలిక తప్పుతుంది. వీలైతే దానికి కూడా ఈ సెంటర్‌కే రండి.

పాథాలజీ నుంచి బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కల్ని దాచిన మైనం బ్లాకులు ఎక్కడున్నాయో కనుక్కుని, రసీదు మీద తీసుకోండి. హెర్2 పరీక్ష (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) పంపారో లేదో అడగండి, పంపకపోతే ఆ బ్లాకు మీదే చేయవచ్చు. బ్లాకుల్ని ఎండలో కారులో వదలొద్దు, మైనం కరుగుతుంది. ఎండోస్కోపీ ఫోటోలు, లాప్రోస్కోపీ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ ఒక ఫైల్లో పెట్టుకోండి.

నెల్లూరులో తీసిన మొదటి సీటీ సీడీ కూడా పారేయకండి.